గేటు దగ్గరి వాళ్ళకు కూడా తెలియని ఆలస్యం: విమానం ఎందుకు ఆగుతుంది, అప్పుడు మనం ఏం చేయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. సాయంత్రం విమానం. ఆకాశం నిర్మలంగా ఉంది. తెర మీద మొదట నలభై నిమిషాల ఆలస్యం అని పడింది, తర్వాత అరగంట చొప్పున పెరుగుతూ నాలుగు గంటలకు చేరింది. గేటు దగ్గరి ఉద్యోగిని ఎన్నిసార్లు అడిగినా ‘నిర్వహణ కారణాలు’ (ఆపరేషనల్ రీజన్స్) అన్న మాట తప్ప మరో ముక్క రాలేదు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారా, నాలుగు గంటలని మొదటే ఎందుకు చెప్పలేదు, మళ్ళీ ఇలా జరిగితే ఏం చేయాలి అన్నవి మీ ప్రశ్నలు.

విమానయాన సంస్థల కార్యకలాపాల నియంత్రణ కేంద్రాల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. ఏ విమానాన్ని ఆపాలి, దేన్ని పంపాలి, ప్రతి ఆలస్యానికీ ఏ కారణం రాయాలి అన్నది అక్కడ నిమిషనిమిషానికీ తేల్చవలసిన పని. అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

మీ ఆలస్యానికి కారణం చాలాసార్లు మీరు కూర్చున్న విమానాశ్రయంలో ఉండదు. మీరు ఎక్కబోయే విమానం ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి ఎక్కడెక్కడ తిరిగిందో అక్కడ ఉంటుంది. తక్కువ దూరాలు తిరిగే నూట ఎనభై సీట్ల విమానం రోజుకు నాలుగు నుంచి ఆరు ప్రయాణాలు చేయడం మామూలే. ఒక ప్రయాణానికీ మరో ప్రయాణానికీ మధ్య దానికి దొరికే వ్యవధి ముప్పావుగంట, కొన్ని సంస్థల్లో అంతకన్నా తక్కువ. పొద్దున మొదటి ప్రయాణంలో పోయిన ఇరవై నిమిషాలు మధ్యాహ్నానికి నలభై అవుతాయి, సాయంత్రానికి గంట దాటుతాయి. మీ కళ్ళెదుట ఎండ కాస్తూ ఉండవచ్చు. ఉదయం ఆరు గంటలకు మరో ఊళ్ళో కురిసిన వాన మాత్రం ఇంకా మీ విమానాన్ని వెన్నాడుతూనే ఉంటుంది.

ఆ ముప్పావుగంటలో ఏం జరుగుతుందో దగ్గరగా చూస్తే, పోయిన సమయం ఎందుకు తిరిగి రాదో అర్థమవుతుంది. విమానం వచ్చి ఆగుతుంది. ఇంజన్లు ఆగి, పైన మెరిసే ఎర్ర దీపం ఆరేదాకా ఎవరూ దగ్గరకు వెళ్ళకూడదు. చక్రాలకు దిమ్మలు పెడతారు, ఏరోబ్రిడ్జి అతుకుతుంది, తలుపు తెరుచుకుంటుంది. నూట ఎనభై మంది దిగడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఈలోగా కింద సామాను దించుతూ ఉంటారు. ఇలాంటి చిన్న విమానాల అడుగు అరలో మనిషి నిటారుగా నిలబడలేడు. లోడర్లు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో పెట్టెనూ చేత్తో లాగుతారు, చేత్తోనే పేరుస్తారు. పైన శుభ్రం చేసేవాళ్ళు వరుస వరుసకూ తిరుగుతారు. ఇంధనం ట్రక్కు వస్తుంది, ఆహారం బండి వస్తుంది, పైలట్లలో ఒకరు కిందికి దిగి విమానం చుట్టూ నడిచి చూస్తారు. ఆ తర్వాత మళ్ళీ నూట ఎనభై మంది ఎక్కాలి, దానికి ఇరవై అయిదు నుంచి ముప్పై నిమిషాలు. వీటిలో కొన్ని పనులు పక్కపక్కనే సాగుతాయి, కొన్ని ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి. దిగకుండా శుభ్రం చేయలేరు, శుభ్రం చేయకుండా ఎక్కించలేరు. మనుషులను ఎంత తరిమినా ఈ వరుసలో అయిదారు నిమిషాల కన్నా ఎక్కువ మిగలదు.

అంతర్జాతీయ విమాన రవాణా సంఘం, అంటే ఐఏటీఏ, ఆలస్యాల కారణాలకు రెండంకెల సంకేతాలు పెట్టింది. ప్రతి ఆలస్యానికీ ఒకటో రెండో సంకేతాలు రాసి తీరాలి. 41 అంటే విమానంలో లోపం. 71 బయలుదేరే చోట వాతావరణం, 72 చేరవలసిన చోట వాతావరణం. 93 అంటే ముందు ప్రయాణం నుంచి విమానమే ఆలస్యంగా రావడం. మేము అందరికన్నా ఎక్కువగా రాసే అంకె ఈ 93. యూరప్ గగనతల రద్దీని చూసే యూరోకంట్రోల్ ఏటా ప్రకటించే లెక్కల్లో కూడా, ఒక ఆలస్యం నుంచి మరొకటిగా పుట్టే ఈ రకం మొత్తంలో సగం దరిదాపుల్లో ఉంటుంది. మీకు చెప్పిన ‘నిర్వహణ కారణాలు’ వెనక ఉన్నది బహుశా ఇదే.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆ మాట ప్రయాణికుడికి చెప్పదగినది కాదు. విమానం ఇంకా ఫలానా చోట ఉంది, ఇన్ని గంటలకు అక్కడ లేస్తుంది అని చెప్పడానికి అయ్యే ఖర్చేమీ లేదు. ఆ సమాచారం నియంత్రణ కేంద్రంలోని ప్రతి తెర మీదా ఉంటుంది. గేటు దగ్గరి ఉద్యోగికి అది చేరదు, లేదా చేరినా చెప్పే అనుమతి ఉండదు. అబద్ధం ఆ ఉద్యోగిది కాదు. తెలిసిన సంగతిని సొంత మనుషులకే అందించని సంస్థది ఆ తప్పు. వేలమంది కోపాన్ని ముఖం మీద భరించేది మాత్రం గేటు దగ్గర నిలబడిన మనిషి.

అన్ని ఆలస్యాలూ వెనక నుంచి వచ్చేవి కావు. ముందు నుంచి వచ్చేవి కూడా ఉంటాయి, అంటే మీరు చేరవలసిన చోటు నుంచి. ఒక రన్‌వే గంటకు ఇన్ని విమానాలనే దించుకోగలదు. పొగమంచు దిగితే విమానానికీ విమానానికీ మధ్య దూరం పెంచాలి, దాంతో ఆ సంఖ్య సగానికి పడిపోవచ్చు. వస్తున్న విమానాలన్నిటినీ గాలిలో చక్కర్లు కొట్టించడం ప్రమాదం, ఇంధనం దండగ. అందుకని ఇంకా బయలుదేరని వాటిని నేల మీదే ఆపి, ఒక్కోదానికీ ఇన్ని గంటలకు లేవాలని ఒక స్లాట్ ఇస్తారు. యూరప్‌లో ఆ స్లాట్‌కు అయిదు నిమిషాలు ముందు, పది నిమిషాలు వెనక మాత్రమే వెసులుబాటు ఉంటుంది. ఆ పదిహేను నిమిషాల్లో లేవలేకపోతే కొత్త స్లాట్ కోసం మళ్ళీ వరుసలో నిలబడాలి. ఒక్క ప్రయాణికుడు దుకాణాల దగ్గర కాలయాపన చేస్తే మొత్తం విమానానికి గంట ఆలస్యం కావడం వెనక ఉన్న లెక్క ఇదే.

పొగమంచు గురించి చాలామంది అడిగే మరో మాట: పక్క సంస్థ విమానం దిగింది కదా, మాది ఎందుకు దిగలేదు? రన్‌వే మీద చూపు 550 మీటర్ల కన్నా తగ్గితే సాధారణ ఐఎల్‌ఎస్, అంటే రేడియో సంకేతాల సాయంతో విమానాన్ని దించే పద్ధతి, చాలదు. అందులోనే ఇంకా కచ్చితమైన కేటగిరీ 2 లేదా 3 కావాలి. దానికి రన్‌వే పరికరాలకు, విమానానికి, ఆ రోజు నడుపుతున్న పైలట్లకు కూడా అనుమతి ఉండాలి. ఈ మూడింటిలో ఒక్కటి లేకపోయినా దిగకూడదు. పక్క విమానం దిగడం మీ పైలట్ చేతకానితనానికి రుజువు కాదు.

పిడుగుల సంగతి ఇంకా తేలిక. మెరుపు విమానాశ్రయానికి దగ్గరగా వస్తే బయట పనిచేసే వాళ్ళందరినీ లోపలికి పిలుస్తారు. విమానాలకు ఏమీ కాకపోయినా ఇంధనం నింపేవాళ్ళు, సామాను ఎక్కించేవాళ్ళు ఉండరు కనుక అంతా ఆగిపోతుంది. మెరుపులు ఆగాక కూడా అన్ని విమానాలకూ ఒకేసారి మనుషులు కావాలి, ఉన్నవాళ్ళేమో ఎప్పుడూ ఉండేవాళ్ళే.

ఎప్పుడో ఒకసారి కారణం ఊహకే అందనిది అవుతుంది. 2023 ఆగస్టు 28న బ్రిటన్ గగనతల నియంత్రణ సంస్థ కంప్యూటర్ ఒక విమాన మార్గాన్ని అర్థం చేసుకోలేక ఆగిపోయింది. ఆ మార్గంలో డీవీఎల్ అనే ఒకే పేరున్న రెండు బిందువులు వచ్చాయి. ఒకటి ఫ్రాన్స్‌లోని డోవిల్ దగ్గర, మరొకటి అమెరికాలోని డెవిల్స్ లేక్ దగ్గర. ప్రధాన వ్యవస్థ ఆగగానే ప్రత్యామ్నాయ వ్యవస్థ అందుకుంది. అందులోనూ అదే ప్రోగ్రాము ఉండటంతో అది కూడా అక్కడే ఆగింది. అధికారులు మార్గాలను చేత్తో నమోదు చేయవలసి వచ్చింది. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. వాళ్ళలో ఎంతోమంది తమ గేటు దగ్గర నిలబడి నీలాకాశాన్నే చూస్తూ ఉండి ఉంటారు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. నాలుగు గంటలని మొదటే ఎందుకు చెప్పలేదు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. విమానంలో ఒక హెచ్చరిక దీపం వెలిగింది. ఇంజనీరు వచ్చి చూస్తాడు. ఒక యూనిట్‌ను ఆపి మళ్ళీ నడిపిస్తే సరిపోవచ్చు, అంటే ఇరవై నిమిషాలు. లేదా అది సెన్సర్ లోపం కావచ్చు, మార్చడానికి గంట. ఆ భాగం ఇక్కడ లేకపోతే వేరే చోటు నుంచి రావాలి, అంటే అయిదు గంటలు. ఏ లోపంతో ఎగరవచ్చు, ఏ షరతుల మీద, ఎన్ని రోజులు అన్నది చెప్పే పట్టిక ప్రతి విమానానికీ ఉంటుంది. దాన్ని చూసి పంపేయవచ్చో లేదో కూడా తేలాలి. మొదటి నిమిషంలో ఇంజనీరుకు ఇవేవీ తెలియవు. రోగిని పరీక్షించక ముందే ఎన్నాళ్ళలో నయమవుతుందని వైద్యుణ్ణి అడిగినట్లు ఉంటుంది ఆ దశలో సమయం అడగడం.

సంస్థ నాలుగు గంటలని ప్రకటించిందనుకోండి. సగం మంది ఇంటికో ఊళ్ళోకో వెళ్ళిపోతారు. ఇరవై నిమిషాల్లో లోపం సరయితే విమానం సిద్ధంగా ఉంటుంది, మనుషులు ఉండరు. సామాను అప్పగించిన ప్రయాణికులు రాకపోతే వాళ్ళ పెట్టెలు వెతికి దించాలి. ఈ నియమం ఊరికే పెట్టినది కాదు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానంలో 329 మంది, 1988 డిసెంబరు 21న స్కాట్లాండ్‌లోని లాకర్బీ మీద పేలిన విమానంలో, కింద ఊళ్ళో కలిపి 270 మంది చనిపోయారు. రెండింటిలోనూ బాంబు వచ్చినది యజమాని ఎక్కని పెట్టెలో. ఆ ప్రాణాల ఖరీదుతో వచ్చిన నియమం ఇది. దాన్ని పాటించడానికి లోడర్లు అడుగు అరలో వంగి, పేర్చిన వంద పెట్టెల్లోంచి చీటీ మీది పదంకెల సంఖ్య చూసుకుంటూ ఒక్కదాన్ని వెతుకుతూ ఉంటే, పైన కూర్చున్న మీకు అది మరో అరగంటగా కనిపిస్తుంది.

కాబట్టి అరగంట చొప్పున పెంచడం మోసం కాదు. కానీ అది చెప్పే తీరు మాత్రం తప్పే. ‘ఏడున్నరకు బయలుదేరుతుంది’ అనడం వేరు, ‘ఇంజనీరు చూస్తున్నాడు, ఏడున్నరకు మళ్ళీ చెబుతాం’ అనడం వేరు. రెండోది నిజం. తెర మీద పడేది మొదటిది.

రెండు మూడు గంటలుగా ఉన్న ఆలస్యం ఒక్కసారిగా మరునాటి ఉదయానికి వెళ్ళిపోవడం మీరు చూసే ఉంటారు. అక్కడ కారణం చాలాసార్లు సిబ్బంది పని వేళలే. యూరప్ నియమాల ప్రకారం పైలట్ల రోజువారీ పని సాధారణంగా 13 గంటలకు మించకూడదు. ప్రయాణాల సంఖ్య పెరిగినా, డ్యూటీ రాత్రివేళ మొదలైనా అది ఇంకా తగ్గుతుంది. అమెరికాలో 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర జరిగిన ప్రమాదంలో 50 మంది మరణించాక పైలట్ల అలసట మీద పెద్ద చర్చ నడిచింది, 2014 జనవరి నుంచి కొత్త పని వేళల నియమాలు అమలులోకి వచ్చాయి. ప్రయాణం ముగిసేలోపు, నియమాలు అనుమతించే కొద్దిపాటి పొడిగింపుతో కలిపి కూడా ఆ పరిమితి దాటుతుందని లెక్క తేలిన నిమిషంలోనే ఆ పైలట్లు ఆ విమానం నడపడానికి వీల్లేదు. వేరే సిబ్బందిని పిలవాలి, లేదా వీళ్ళు విశ్రాంతి తీసుకోవాలి. ఆ నిర్ణయం మీద కోపం తెచ్చుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. మీ ప్రాణానికి సంబంధించిన నిర్ణయం అది.

తలుపులు మూసి, బెల్టులు పెట్టించి, కదలకుండా గంటసేపు కూర్చోబెట్టడం మరో బాధ. స్లాట్ వరుసలో ముందుకు జరగాలంటే విమానం పూర్తిగా సిద్ధంగా ఉందని తెలియజేయాలి. తలుపు తెరిచి ఉంటే ఆ మాట చెప్పలేరు. పైగా మీరు నిలబడిన చోటు కోసం దిగిన విమానం ఒకటి వేచి ఉండవచ్చు. అమెరికాలో దీనికి హద్దు పెట్టారు: దేశీయ ప్రయాణమైతే మూడు గంటలు, అంతర్జాతీయమైతే నాలుగు. ఆ లోపు ప్రయాణికులకు దిగే అవకాశం ఇవ్వాలి. ఇలాంటి హద్దు అన్ని దేశాల్లోనూ ఉండాలన్నది నా కోరిక.

ఇక మీరు చేయగలిగినవి.

తెరను కాదు, విమానాన్ని చూడండి. ఇప్పటి విమానాలు చాలావరకు తమ స్థానాన్ని రేడియోలో ప్రసారం చేస్తూనే ఉంటాయి. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటివి దాన్ని పట్టి పటం మీద చూపిస్తాయి. మీ టికెట్ మీది ఫ్లైట్ నంబరు కొడితే చాలాసార్లు దానికి కేటాయించిన విమానం రిజిస్ట్రేషన్, అంటే ఆ విమానం ఒంటి మీద రాసి ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. దాన్ని నొక్కితే అది ఇప్పుడెక్కడ ఉందో తెలుస్తుంది. తర్వాత చిన్న కూడిక: అది దిగే సమయానికి గేటు చేరడానికి పది నిమిషాలు, మళ్ళీ సిద్ధం కావడానికి ముప్పావుగంట కలపండి. మీ విమానం ఆరున్నరకు అని తెర చెబుతోంది, వస్తున్నది ఇంకా రెండు గంటల దూరంలో అయిదు గంటలకు కూడా లేవలేదు. అంటే మీరు ఎనిమిదికి ముందు కదలరు. ఈ లెక్క తెరకన్నా గంట ముందే నిజం చెబుతుంది. ఒక్క జాగ్రత్త: సంస్థ చివరి క్షణంలో వేరే విమానాన్ని మార్చవచ్చు. అందుకని లెక్క ఎంత బాగా తేలినా గేటు వదిలి దూరం వెళ్ళకండి.

గేటు దగ్గర ‘ఎందుకు ఆలస్యం’ అని అడిగితే పడికట్టు జవాబే వస్తుంది. దానికి బదులు మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి: విమానం వచ్చిందా? సిబ్బంది ఉన్నారా, వాళ్ళ పని వేళలు సరిపోతాయా? స్లాట్ ఎన్ని గంటలకు? అడగడం తెలిసిన వాళ్ళకు ఉద్యోగులు తెలిసినంతలో నిజం చెబుతారు. విమానమూ సిబ్బందీ ఉండి స్లాట్ కోసమే ఆగి ఉంటే అక్కడే ఉండండి, అది ముందుకు జరగవచ్చు. విమానమే రాలేదంటే, లేదా సిబ్బంది వేళ దాటబోతోందంటే, అప్పుడే వేరే దారి వెతకడం మొదలుపెట్టండి. రద్దు ప్రకటన వచ్చాక అందరూ ఒకే కౌంటర్ మీద పడతారు. మీరు వరుసలో నిలబడి ఉండగానే సంస్థకు ఫోన్ చేయండి, యాప్‌లో కూడా చూడండి. ఏది ముందు దొరికితే అది. తర్వాతి విమానంలో ఖాళీ సీట్లు ఉన్నాయో లేదో ముందే చూసి పెట్టుకుని, ఫలానా విమానంలో వేయండని అడిగితే పని త్వరగా అవుతుంది.

తప్పనిసరిగా చేరవలసిన పని ఉంటే రోజులో మొదటి విమానం ఎక్కండి. చాలాసార్లు అది రాత్రే వచ్చి అక్కడ నిలబడి ఉంటుంది, వెనక నుంచి వచ్చే ఆలస్యం దానికి అంటదు. రోజులో చివరి విమానం ఎంత చవకైనా, అది రద్దయితే ఆ రాత్రి మరో విమానం ఉండదని గుర్తుంచుకోండి. మధ్యలో విమానం మారవలసి ఉంటే మొత్తం ప్రయాణం ఒకే టికెట్ మీద ఉండేలా చూడండి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత సంస్థది. విడివిడిగా కొన్న టికెట్లయితే ఆ నష్టం మీదే.

పరిహారం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అన్నిటికన్నా స్పష్టమైనది యూరప్ 261/2004 నిబంధన. గమ్యానికి మూడు గంటలు లేదా అంతకు మించిన ఆలస్యంతో చేరితే దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోల దాకా రావచ్చు. వాతావరణం లాంటి అసాధారణ కారణాలకు రాదు. కానీ మామూలు సాంకేతిక లోపం అసాధారణం కాదని అక్కడి న్యాయస్థానం 2008లోనే చెప్పింది. చేరిన సమయం అంటే చక్రాలు నేలను తాకిన క్షణం కాదు, దిగడానికి తలుపు తెరిచిన క్షణం అని 2014లో తేల్చింది. మూడు గంటల గీత దగ్గర ఆ పది నిమిషాలే తీర్పునిస్తాయి. తలుపు తెరుచుకోగానే ఫోనులో సమయం కనిపించేలా ఒక ఫోటో తీసుకోండి.

మిగిలిన చాలా దేశాల మధ్య ప్రయాణాలకు 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది. అది నిర్ణీత మొత్తం ఇవ్వదు. ఆలస్యం వల్ల నిజంగా అయిన నష్టాన్ని, రుజువులతో, ఒక పరిమితి దాకా అడిగే హక్కు ఇస్తుంది. నష్టం జరగకుండా తాము తీసుకోగలిగిన చర్యలన్నీ తీసుకున్నామని సంస్థ నిరూపిస్తే ఆ హక్కు నిలవదు. బస, భోజనం, ట్యాక్సీ రసీదులన్నీ దాచండి. సామాను ఆలస్యంగా అందితే, అందిన రోజు నుంచి 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. పాడైన సామానుకు ఆ గడువు 7 రోజులే. దావా వేయడానికి రెండేళ్ళు.

మీ విషయంలో ఆలస్యం నాలుగు గంటలకు చేరింది కనుక సంస్థకు ఇప్పుడే ఒక ఉత్తరం రాయండి. విమానం నంబరు, తేదీ, తలుపు తెరిచిన సమయం ఇచ్చి, ఆలస్యానికి నమోదు చేసిన కారణం ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ‘నిర్వహణ కారణాలు’ అని జవాబొస్తే, ఐఏటీఏ సంకేతం ఏది రాశారో చెప్పమని మళ్ళీ అడగండి. ప్రతి ఆలస్యానికీ ఆ అంకె ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. చెప్పడానికి నిరాకరిస్తే ఆ ఉత్తరాల నకళ్ళతో మీ దేశపు పౌర విమానయాన అధికారులకు ఫిర్యాదు పంపండి.